చర్మానికి పడిన డోసు ఫైల్లో ఎందుకు ఉండదు?

సంపాదకులకు,

నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక ఆరోగ్య పేజీలో రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్స గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఊళ్లలో ఇప్పటికీ ‘కరెంటు పెట్టడం’ అనే పేరుతోనే చలామణీ అవుతున్న ఈ చికిత్స గురించి, చదివినవాళ్ల భయం పోయేలా రాయడం తేలికైన పని కాదు కనుక ముందుగా ఆ రచయితకు అభినందనలు. అయితే అందులో ‘యంత్రం వేడికి చర్మం కమలడం మామూలే’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా రేడియోథెరపీ విభాగాల్లో మెడికల్ ఫిజిసిస్టుగా, అంటే రోగికి పడే రేడియేషన్ మోతాదును లెక్కగట్టి కొలిచే ఉద్యోగిగా, పనిచేసి రిటైరైనవాణ్ని. వేడి అన్న మాటలోని పొరపాటు ఒక్కటే అయితే కార్డు ముక్క రాసి ఊరుకునేవాణ్ని. ‘మామూలే’ అన్న మాట నా చేత ఇంత పొడుగు ఉత్తరం రాయిస్తోంది.

ముందు వేడి సంగతి చెబుతాను. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తాం. కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి నిలిచిపోతే అది ఒక గ్రే. పాత పద్ధతిలో ఐదు వారాల పాటు 25 సిట్టింగుల్లో ఇచ్చే 50 గ్రేలనూ ఒక్కసారే కిలో నీళ్లకు ఇచ్చేసినా ఆ నీళ్లు వేడెక్కేది సుమారు 0.012 సెల్సియస్ డిగ్రీలు మాత్రమే. వేలు ముంచితే తెలిసే వేడి కూడా కాదది. చర్మం దెబ్బతినే దారి వేరే ఉంది. మన పైచర్మం అడుగున, సగటున 0.07 మిల్లీమీటర్ల లోతులో, ఎప్పటికప్పుడు కొత్త కణాలను పుట్టించి పైకి పంపే ఒక వరస ఉంటుంది. పైన అరిగిపోయిన దాన్ని ఆ వరసే పూడుస్తూ ఉంటుంది. రేడియేషన్ దెబ్బ తగిలేది ఆ వరసకు. నారుమడి ఎండిపోయినా ముందే నాటిన పొలం కొన్నాళ్లు పచ్చగానే కనబడినట్టు, మొదటి రెండు వారాలు చర్మం పైకి బాగానే ఉంటుంది. తర్వాత పైపొర అరిగిపోతుంది, కింద నుంచి రావలసినది రాదు, అప్పుడు పొట్టు రాలడం, మరీ ఎక్కువైతే పొర ఊడి రసి కారడం మొదలవుతాయి. ఈ బాధ తీవ్రమయ్యేది చాలామందిలో చికిత్స పూర్తయిన ఒకటి రెండు వారాలకు. ఈ సంగతి గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1895లో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్న తర్వాత చాలా ఏళ్ల పాటు డాక్టర్ల చేతిలో అందరూ ఒప్పుకున్న మీటరు అంటూ లేదు. రోగి చర్మం ఎర్రబడటానికి ఎంత మోతాదు పడుతుందో దాన్నే కొలతగా పెట్టుకుని వైద్యం చేశారు. 1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రేడియాలజీ కాంగ్రెస్ రాంట్‌జన్ పేరుతోనే ఒక యూనిట్‌ను ఆమోదించేదాకా లోకంలో చాలాచోట్ల రోగి చర్మమే మీటరు. ఆ రోజుల్లోని తక్కువ శక్తి యంత్రాలతో గరిష్ఠ డోసు పడేది కూడా చర్మం మీదే. అందువల్ల లోపలి గడ్డకు సరిపడా ఇవ్వకముందే చర్మం చేతులెత్తేసేది. 1951లో కెనడాలో కోబాల్ట్-60 యంత్రాలు వచ్చాక గరిష్ఠ డోసు అర సెంటీమీటరు లోపలికి జరిగింది. నేడు మన ఊళ్లలో ఎక్కువగా వాడుతున్న లినాక్ అనే రేడియేషన్ యంత్రపు 6 మెగావోల్టుల కిరణానికైతే అది ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో ఉంటుంది. ఈ కిరణం ఏ అడ్డూ లేకుండా నిటారుగా పడినప్పుడు చర్మం పైపొరకు అందేది మామూలుగా గరిష్ఠంలో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అర సెంటీమీటరు లోపలికి వెళ్లేసరికి అదే 80 శాతం దాకా పెరిగిపోతుంది. చర్మానికి ఇంత వెసులుబాటు దొరికింది కాబట్టే ఆధునిక రేడియోథెరపీ సాధ్యమైంది.

రొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఈ వెసులుబాటులో చాలా భాగం పోతుంది. అడుగున ఉన్న ఊపిరితిత్తినీ, ఎడమవైపు అయితే గుండెనూ తప్పించడానికి కిరణాన్ని రొమ్ముకు ఏటవాలుగా, ఛాతీని ఒరుసుకుంటూ పోయేలా రెండు వైపుల నుంచి పంపిస్తారు. ఏటవాలుగా వచ్చే కిరణం చర్మంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, కాబట్టి పైపొరకు పడే డోసు పెరుగుతుంది. ఒక వైపు నుంచి లోపలికి వెళ్లిన కిరణం రెండో వైపు చర్మం గుండానే బయటికి రావాలి, అక్కడా కొంత వదులుతుంది. రొమ్ము కింది మడతలోనూ చంక దగ్గరా చర్మం మీద చర్మం పడి ఉంటుంది కనుక పై మడత కింది మడతకు కప్పు అవుతుంది, కింద ఉన్న చర్మం ఇక ‘పైపొర’గా లెక్కకు రాదు. వీటన్నిటికీ తోడు, రొమ్ము పూర్తిగా తీసేసిన వారిలో గాటు చుట్టూ చర్మంలోనే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉందనుకుంటే డాక్టర్లు కావాలనే ‘బోలస్’ వేయిస్తారు. అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో మందం ఉన్న జెల్ పలక అది. కొన్నిచోట్ల మైనం పలక, తడిపిన గుడ్డ కూడా ఆ పని చేస్తాయి. దాన్ని ఛాతీ మీద పరిస్తే కిరణానికి అదే చర్మం అన్నట్టు అవుతుంది, అసలు చర్మం లోతుకు వెళ్లిపోయి దాదాపు పూర్తి డోసు అందుకుంటుంది.

ఇన్ని సంగతులు కలిసి నిర్ణయించే డోసును రోగి చేతికిచ్చే కాగితంలో వెతకండి. నేను చూసిన డిశ్చార్జి సమ్మరీలలో నూటికి తొంభై పైగా ‘40 గ్రే, 15 సిట్టింగులు’ అనో ‘50 గ్రే, 25 సిట్టింగులు’ అనో రాసి ఉంటుంది. ఆ 40 రొమ్ము లోపలి కణజాలానికి డాక్టరు నిర్ణయించిన మోతాదు. చర్మానికి ఎంత పడిందో అందులో ఉండదు. ఎక్కడ ఎంత డోసు పడుతుందో ముందే లెక్కకట్టే ప్లానింగ్ కంప్యూటర్ చెప్పదా అని అడగవచ్చు. చెబుతుంది కానీ, సీటీ బొమ్మను అది సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్ల గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది. మనకు కావలసిన వరస 0.07 మిల్లీమీటర్ల లోతులో ఉంది. బియ్యం బస్తాలు తూచే కాటాలో బంగారం తూచినట్టు ఉంటుంది ఆ లెక్క. మొదటి కొద్ది మిల్లీమీటర్లలో ప్లానింగ్ లెక్కను నమ్మి కూర్చోకూడదన్నది మా వృత్తిలో పాఠ్యపుస్తకాల నాటి మాట. అక్కడ కొలవడం ఒక్కటే మార్గం.

కొలవడానికి ఏం కావాలో చూసినట్టు చెబుతాను, ఎందుకంటే ఇదేదో విదేశీ ప్రయోగశాల వ్యవహారం అన్న అపోహ మా విభాగాల్లో పనిచేసేవారిలో కూడా ఉంది. గాఫ్‌క్రోమిక్ అనే ఫిల్ము ఒకటి ఉంది. రెండు పాలియెస్టర్ పొరల మధ్య వెంట్రుకంత కూడా మందం లేని పొర ఉంటుంది, రేడియేషన్ పడితే దాని రంగు ముదురుతుంది. దీనికి డెవలపింగ్ అక్కర్లేదు, చీకటి గది అక్కర్లేదు. షీటు 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉంటుంది. రెండు సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే 120 ముక్కలు వస్తాయి. ముందురోజే కత్తిరించి, మూలన మార్కర్‌తో నంబరు వేసి, నల్ల కవరులో పెట్టుకునేవాణ్ని. చెమటకు తడవకుండా పలచని ప్లాస్టిక్ పొరలో చుట్టి, మైక్రోపోర్ టేపుతో ఒకటి చనుమొనకు పక్కన, ఒకటి చంక అంచున, ఒకటి రొమ్ము కింది మడతలో లోపలికంటా అంటించేవాళ్లం. ఆ పని ఆడ టెక్నీషియనో నర్సమ్మో చేసేవారు, నేను బయట స్క్రీన్ దగ్గర ఉండి చోటు చెప్పేవాణ్ని. దీనివల్ల రోగి బల్ల మీద అదనంగా పడుకోవలసింది మూడు నాలుగు నిమిషాలు. సిట్టింగ్ అయ్యాక ముక్కలు తీసి చూస్తే లేత పసుపుపచ్చగా ఉన్నవి ఆకుపచ్చకు తిరిగి ఉంటాయి. మడతలో పెట్టిన ముక్క మిగతా రెండిటికన్నా ఒక చాయ ముదురుగా ఉండటం అక్కడికక్కడే కంటికే తెలిసిపోయేది. అయినా కంటిని నమ్మకుండా, రంగు నిలకడకు వచ్చేదాకా ఆగి, మర్నాడు అందరూ ఆఫీసుల్లో వాడే రకం ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో ప్రతిసారీ ఒకే దిక్కుగా పెట్టి స్కాన్ చేసి, ముందే తెలిసిన డోసులు ఇచ్చి తయారుచేసుకున్న పట్టికతో పోల్చి అంకె రాసుకునేవాళ్లం.

ఫిల్ము లేనిచోట టీఎల్‌డీ ఉంది. మూడు మిల్లీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న లిథియం ఫ్లోరైడ్ బిళ్ల. రేడియేషన్ శక్తిని దాచుకుని, తర్వాత వేడి చేసినప్పుడు వెలుతురుగా వదులుతుంది, ఆ వెలుతురును కొలుస్తాం. మన దేశంలో రేడియేషన్ విభాగంలో పనిచేసే ప్రతి ఉద్యోగి జేబు మీదా కనబడే బ్యాడ్జిలో ఉన్నదీ ఇదే సూత్రం. కాకపోతే అందులోవి కాల్షియం సల్ఫేట్ బిళ్లలు. అంటే టెక్నీషియన్‌కు గ్రేలో వెయ్యో వంతు పడిందా అన్నది నెలల తరబడి లెక్క రాసే వ్యవస్థ మనకుంది, పక్క గదిలో బల్ల మీద పడుకున్న మనిషి చర్మానికి పదుల గ్రేలు పడితే ఆ లెక్క మాత్రం లేదు. ఉద్యోగుల లెక్క రాయవద్దని నేను అనడం లేదు, అది చట్టం, ఉండాల్సిందే. అసలు యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచీ దశాబ్దాల పాటు టీఎల్‌డీలను పోస్టులో పంపి తెప్పించుకుని పరీక్షించాయి. మన దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రమూ అలాంటి పోస్టల్ తనిఖీ జరుపుతోంది. దేశాలు దాటి పోస్టులో వెళ్లి రాగలిగిన బిళ్ల కారిడార్ దాటి రోగి దగ్గరకు వెళ్లలేకపోతోంది.

‘మేం కొలుస్తూనే ఉన్నాం’ అనే ఆసుపత్రులకు ఒక మాట. చాలాచోట్ల రోగి మీద డయోడ్ అనే చిన్న డోసు కొలిచే పరికరం పెట్టి చూసే అలవాటు ఉంది, మంచిదే. కానీ ఆ డయోడ్ మీద లోహపు టోపీ ఉంటుంది. అది చెప్పేది గరిష్ఠ డోసు పడే లోతులోని అంకెను, అంటే యంత్రం సరైన మోతాదు ఇస్తోందా లేదా అన్న దాన్ని. చర్మం డోసు అది కాదు. పైగా ఆ టోపీ కింద ఉన్న చర్మానికి అదే ఒక చిన్న బోలస్ అవుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్, మరికొన్ని వృత్తి సంస్థలు కలిసి 2008లో చికిత్స మొదట్లోనే రోగి మీద డోసు కొలవాలని సిఫారసు చేసినప్పుడుగానీ, 2004-05లో ఎపినాల్ అనే ఊళ్లో రోగులకు అధిక డోసు పడిన ఉదంతం తర్వాత ఫ్రాన్స్ ఆ పనిని తప్పనిసరి చేసినప్పుడుగానీ, వారి దృష్టిలో ప్రధానంగా ఉన్నది మోతాదులో పెద్ద పొరపాట్లను పట్టుకోవడమే. నేనడుగుతున్నది దాని పక్కనే ఉన్న చిన్న పని.

ఈ చిన్న పని మనకు మరీ ఎందుకు కావాలో చెప్పాలి. చర్మం ఎంత దెబ్బతిన్నదో గ్రేడులుగా రాయడానికి ప్రపంచమంతా వాడే పట్టికలు మొదలయ్యేది ‘లేత ఎరుపు’ దగ్గర, రెండో మెట్టు ‘ముదురు ఎరుపు’. ఆ పట్టికలు తయారైంది తెల్ల చర్మాలను చూసి. మన ఆడవాళ్లలో ఎక్కువమందికి చర్మం ఎర్రబడినట్టు తెలియదు, నల్లబడుతుంది. చామనఛాయ మీద లేత ఎరుపు ఎవరికి కనబడుతుంది? ముదురు చర్మం ఉన్నవారిలో ఈ బాధను తక్కువ గ్రేడుగా రాసే ప్రమాదం ఉందని విదేశాల్లోని పరిశోధకులే ఒప్పుకుంటున్నారు. వారానికోసారి చూసే రివ్యూలో జూనియర్ డాక్టరు జాకెట్టు కాస్త తొలగించి, ట్యూబ్‌లైటు వెలుతురులో చూసి ‘గ్రేడ్ 1’ అని రాసి పంపేస్తారు. వారి తప్పేమీ లేదు, పట్టిక అలా ఉంది. నూరేళ్ల కిందట మీటరు లేక చర్మం ఎర్రబడటం కోసం చూశారు, మనం మీటర్లు బీరువాలో పెట్టుకుని, ఎర్రబడని చర్మం ఎప్పుడు ఎర్రబడుతుందా అని చూస్తున్నాం. ఫిల్ము ముక్కకు ఆమె రంగుతో పని లేదు.

ఇది నాకు పుస్తకాల్లో చదివినప్పుడు కాక, ఇంట్లోకి వచ్చినప్పుడు బాగా తెలిసింది. మా వదినకు మూడేళ్ల కిందట ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో, పేరు అనవసరం, 15 సిట్టింగుల రేడియేషన్ ఇచ్చారు. నేను అప్పటికే రిటైరయ్యాను, వేరే ఊళ్లో ఉన్నాను, రోజూ ఫోన్‌లో మాట్లాడేవాణ్ని. మూడో వారం ఆఖర్న ‘చర్మం బాగుంది’ అని రాసి ఇంటికి పంపారు. నిజంగానే బాగుంది, కాస్త నల్లబడిందంతే. ఊరికి చేరిన తొమ్మిదో రోజున చంకలో, గాటు చివర తోలు ఊడి రసి మొదలైంది. చెయ్యి పైకెత్తలేక, జాకెట్టు తొడుక్కోలేక, మెత్తటి పాత చీర ముక్క చుట్టుకుని కూర్చునేది. దగ్గర్లోని ఆర్‌ఎంపీ కాలిన గాయాలకు రాసే మందు ఇచ్చాడు, పక్కింటివాళ్లు పసుపూ కొబ్బరినూనే తెచ్చారు. నేను వెళ్లేసరికి ఆవిడ అడిగిన మొదటి మాట, ‘జీవితమంతా నువ్వు కొలిచింది ఇదే కదయ్యా, నా తోలుకి ఎంత పడిందో చెప్పు’ అని.

చెప్పలేకపోయాను. ఫైలంతా తిరగేశాను, ప్లాన్ కాగితాలు ఉన్నాయి, 40 గ్రే అని ఉంది, బోలస్ అన్న చోట ఒక టిక్ ఉంది. మందమెంతో లేదు, ఎన్ని రోజులు వేశారో లేదు. వదిన మాత్రం ‘ఒక రోజు వేసి ఒక రోజు మానేవాళ్లు, చివరి వారం కొత్త పిల్ల వచ్చింది, రోజూ వేసింది’ అని కచ్చితంగా చెప్పింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, మళ్లీ చూపించమన్నారు, డ్రెస్సింగులు రాసి ఇచ్చారు, నెల తిరిగేసరికి మానింది. కానీ డోసు ప్రశ్నకు వారి దగ్గరా జవాబు లేదు. నేనే చిత్తు లెక్క వేసుకున్నాను. సిట్టింగుకు 2.67 గ్రేలు, బోలస్ వేసిన రోజు చర్మానికి దాదాపు అంతా, వేయని రోజు అందులో 60 శాతం పడుతుందని అనుకుంటే, రోజు విడిచి రోజు ఎనిమిది సార్లు వేసినప్పుడు మొత్తం 32.6 గ్రేలు అవుతుంది. చివరి వారం మరో రెండు రోజులు అదనంగా వేస్తే ఇంకో రెండు గ్రేలకు పైగా పెరుగుతుంది, పదిహేను రోజులూ వేస్తే పూర్తి నలభై. ఆ 60 శాతం అన్నది నేను పెట్టుకున్న అంకె మాత్రమే. పలక సరిగా ఆనక గాటు దగ్గర కింద గాలి చేరి ఉంటే అక్కడ తగ్గనూవచ్చు, మడతలో పెరగనూవచ్చు. మొదటి వారంలో మూడు ఫిల్ము ముక్కలు అంటించి ఉంటే ఈ చిత్తు లెక్కలు అవసరమయ్యేవి కావు. చివరి వారంలో పలక తప్పుగా వేశారా, డాక్టరే మార్చమన్నారా అన్నది కూడా కాగితం మీద ఉండేది.

ఆమె రసి కారడానికి ఆ రెండు రోజులే కారణమని నేను అనడం లేదు, అనలేను కూడా. బోలస్ వేసిన చికిత్సలో, ఏ పొరపాటూ లేకుండానే, చర్మం ఊడటం జరుగుతుంది. కొందరిలో చర్మానికి తగినంత డోసు పడాలన్నదే వైద్యుడి ఉద్దేశం. చర్మంలోకి పాకిన జబ్బుకు అక్కడ తక్కువ పడితే అదే అసలు ప్రమాదం. కొలత రెండు వైపులా కాపలా కాస్తుంది. ఈ ఉత్తరం చదివి ఎవరూ చికిత్స మధ్యలో మానవద్దని, సిట్టింగులు వాయిదా వేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. చర్మం మానుతుంది. మధ్యలో ఆపిన చికిత్సకు ఆ హామీ లేదు.

చర్మానికి పడే డోసు తగ్గిస్తే బాధ తగ్గుతుందా అన్న అనుమానానికి కెనడా నుంచి మంచి జవాబే ఉంది. అక్కడ 331 మంది మహిళల మీద జరిపిన, 2008లో ప్రచురితమైన పరిశోధనలో రొమ్మంతటా డోసు సమంగా పరుచుకునేలా ఐఎంఆర్‌టీ పద్ధతిలో, అంటే కిరణం తీవ్రతను చోటును బట్టి మారుస్తూ, ఇచ్చినప్పుడు రసి కారే దశకు చేరినవారు 31.2 శాతం, పాత పద్ధతిలో 47.8 శాతం. ఎక్కడ ఎంత పడుతోందన్నది ముఖ్యమని దీనికి మించి చెప్పక్కర్లేదు. కొలత వల్ల పాత భయాలు కూడా కొన్ని పోతాయి. సిట్టింగుకు ముందు ఒంటికి ఏదీ రాయకూడదని, రాస్తే చర్మం మాడిపోతుందని మేమంతా దశాబ్దాలుగా చెప్పాం. అమెరికాలో కొలిచి చూసి 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన రాసిన క్రీము వల్ల చర్మపు డోసు చెప్పుకోదగినంత పెరగదు, మూడు మిల్లీమీటర్లు, ఆపైన దట్టంగా మెత్తితేనే పెరుగుతుంది. ఎవరికి వారు తమ డాక్టరు చెప్పినట్టే చేయాలి, అది వేరే సంగతి. నేను చెప్పిన ఎన్నో ‘కూడదు’లలో ఒకటి కొలవకుండా చెప్పినదని తెలిసి కాస్త సిగ్గుపడ్డాను.

సిగ్గుపడవలసినది ఇంకా ఉంది. నేను సర్వీసులో ఉండగా చర్మపు డోసు కొలిచింది కొద్దిమందికే. కొత్త పద్ధతి మొదలుపెట్టినప్పుడు, పీజీ విద్యార్థి థీసిస్ ఉన్నప్పుడు, డాక్టరు ప్రత్యేకంగా అడిగినప్పుడు. ఒక్క లినాక్ మీద రోజుకు అరవై డెబ్బై మందిని పడుకోబెట్టి లేపే విభాగంలో, ఇద్దరు ఫిజిసిస్టులు పొద్దున్న యంత్రం పరీక్షలతో మొదలుపెట్టి రాత్రి ప్లానులతో ముగించే రోజుల్లో, ఫిల్ము కత్తిరించే తీరిక దొరకడం కష్టమే. ‘ముందు ఫిజిసిస్టుల్ని ఇవ్వండి, తర్వాత చర్మం కొలుస్తాం’ అని నా మిత్రులే అంటున్నారు. అది న్యాయమే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల వల్ల ప్రతి కేంద్రంలోనూ ఫిజిసిస్టు ఉండి తీరాలి కాబట్టి ఉన్నారు, పని భారానికి సరిపడినంతమంది ఉన్నారా అన్నది ఎవరూ పట్టించుకోని విషయం. ఇంకొందరు, ఉపరితలం మీద ఫిల్ము, టీఎల్‌డీ కొలతల్లోనే తేడాలుంటాయి కదా అంటారు. ఉంటాయి. టీఎల్‌డీ బిళ్ల మందం ముప్పాతిక మిల్లీమీటరుకు పైనే కనుక, డోసు నిటారుగా పెరిగే చోట అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది, దిద్దుబాటు చేసుకోవాలి. ఆ మాత్రం దిద్దుకోవడం మా వృత్తిలో రోజువారీ పనే. అటూ ఇటూ కాస్త తేడా ఉన్న అంకె, అసలు అంకే లేకపోవడం కన్నా నయం.

2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బారిన పడినవారు దాదాపు 1,92,000 మంది అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అందరికీ రేడియేషన్ అవసరం పడదు, అవసరమైన అందరికీ కొలవమనీ నేను అనను. బోలస్ వేసేవారికి, రొమ్ము బరువుగా ఉండి కింద మడత పడేవారికి, ఆ విభాగం కొత్త పద్ధతి ఏదైనా మొదలుపెట్టినప్పుడు మొదట వచ్చే కొంతమందికి, మొదటి వారంలో ఒక్క సిట్టింగులో కొలిస్తే చాలు. ఒక్క షీటు కత్తిరిస్తే, పట్టిక తయారీకి కొన్ని ముక్కలు పోయినా, మనిషికి మూడు చొప్పున ముప్పై మందికి వస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి రోగుల్లో చాలామందికి చికిత్స జరుగుతున్నది 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కిందో, దాని నేటి రూపాల కిందో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ట్రస్టులు క్లెయిము కాగితాలలో ఎన్నో అడుగుతాయి, ఫొటోలు కూడా అడుగుతాయి. బోలస్ మందమెంత, ఎన్ని రోజులు వేశారు, చర్మం మీద కొలిచిన డోసెంత అన్న మూడు గడులు ఆ ఫారంలో చేరిస్తే, ఏ సర్క్యులరూ చేయలేని పని అవి చేస్తాయి. డబ్బు రావాలంటే గడి నింపాలి, గడి నింపాలంటే కొలవాలి. మన వ్యవస్థ నడిచే తీరు ఇది, దీన్నే వాడుకుందాం.

మరొకటి, ఖర్చే లేనిది. ఐదు వారాల చికిత్స మూడు వారాలకు తగ్గింది. 40 గ్రేలను 15 సిట్టింగుల్లో ఇచ్చే పద్ధతిని బ్రిటన్‌లో పెద్ద ఎత్తున పరీక్షించి నిలబెట్టారు, 26 గ్రేలను వారం రోజుల్లో ఐదు సిట్టింగులతో ముగించే పద్ధతి ఫలితాలు 2020లో వచ్చాయి. రోగికి ఇది వరమే, ప్రయాణాలు తగ్గాయి, లాడ్జి ఖర్చులు తగ్గాయి, చర్మం బాధ కూడా మొత్తం మీద తగ్గింది. అయితే ఉన్న కాస్త బాధా బయటపడే వేళకు రోగి ఆసుపత్రిలో ఉండటం లేదు. శ్రీకాకుళం పక్క పల్లెలోనో ఆదిలాబాద్ తండాలోనో ఉంటుంది. వారం వారం జరిగే రివ్యూ ఆ పదో రోజును చూడదు. మొదటి వారం కొలతలో చర్మానికి ఎక్కువ పడుతోందని తేలిన వారి పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని, చికిత్స ముగిసిన పదో రోజున నర్సమ్మ చేత ఒక్క ఫోన్ చేయించి ‘చంకలో, మడతలో తడిగా ఉందా, జాకెట్టుకు అంటుకుంటోందా’ అని అడిగిస్తే చాలు. ‘ఎర్రగా ఉందా’ అని మాత్రం అడగవద్దు.

మీ ఆరోగ్య పేజీలో ఈసారి ఈ విషయం వచ్చినప్పుడు ‘వేడికి’ అన్న మాటను సరిదిద్దగలరని ఆశిస్తున్నాను. మా వదిన ఇప్పుడు బాగానే ఉంది, ఆరు నెలలకోసారి చెకప్‌కు వెళుతోంది. పోయినసారి నేనూ తోడు వెళ్లాను. కొత్త ఓపీ చీటీ మీద పాత చికిత్స వివరాలు ఎక్కిస్తున్న అమ్మాయి ‘రేడియేషన్ ఎంత ఇచ్చారండీ’ అని అడిగితే, వదిన నా వైపు చూసి, ‘లోపలికి నలభై అట, పైన ఎంతో వీళ్లకే తెలియదట’ అంది. ఆ అమ్మాయి 40 అని రాసుకుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెడికల్ ఫిజిసిస్ట్,
విశాఖపట్నం